విండోస్ 11లో వేలిముద్ర మిషన్, కాంటా కేబుల్, కెమెరా నడవకపోతే ఏం చూడాలి, ఏం ఆపొద్దు

పరకాలలో ఆన్‌లైన్ సెంటర్ నడుపుతున్న ఒక అన్న అడిగిన ప్రశ్న ఇది. విండోస్ 10కి సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయిందని కొత్త విండోస్ 11 ల్యాప్‌టాప్ కొన్నారు. పాతదాంట్లో బాగా నడిచిన మూడు వస్తువులు ఇందులో మొరాయిస్తున్నాయి. వేలిముద్ర మిషన్‌లో లైటు వెలుగుతుంది కానీ ఆధార్‌తో డబ్బులు తీసే పేజీ మాత్రం ‘డివైస్ నాట్ ఫౌండ్’ అంటుంది. ఎనుమాములలో మిర్చి వ్యాపారం చేసే బావమరిది ఎలక్ట్రానిక్ కాంటాకు వాడే యూఎస్‌బీ కేబుల్ పెడితే పసుపు త్రికోణం వస్తుంది. వెబ్‌క్యామ్ నల్లగా ఉంటుంది. హనుమకొండలో ఒక దుకాణంలో చూపిస్తే ‘యాంటీవైరస్, మెమరీ ఇంటెగ్రిటీ, సెక్యూర్ బూట్ అన్నీ ఆఫ్ చేసి ఇస్తా, అన్నీ నడుస్తయ్’ అన్నారట. మెమరీ ఇంటెగ్రిటీ, సెక్యూర్ బూట్ అంటే విండోస్‌కు కాపలా కాసే భద్రతా ఏర్పాట్లు. చేయించుకోవాలా, వద్దా?

వద్దు, అన్నా. ఒక తాళంచెవి పట్టలేదని ఇంటి తలుపులన్నీ ఊడదీసినట్టు అవుతుంది. పైగా మీరు చెప్పిన లక్షణాలు చూస్తే ఆ మూడూ వేర్వేరు కారణాలతో ఆగినట్టున్నాయి. దుకాణంలో చెప్పినవన్నీ ఆఫ్ చేసినా వాటిలో రెండు అలాగే ఉంటాయని నా అంచనా. ఒక పరికరం నుంచి మీ స్క్రీన్ దాకా దారిలో చాలామంది అడ్డం చెప్పగలరు: కేబుల్, డ్రైవర్ (పరికరాన్ని విండోస్‌తో మాట్లాడించే ప్రోగ్రామ్), విండోస్ భద్రత, మధ్యలో నడిచే సర్వీస్, చివరికి బ్రౌజర్. ‘కాదు’ అన్నది ఎవరో తెలిస్తే పని సగం అయినట్టే. చాలాసార్లు విండోసే ఆ పేరు చెప్తుంది. మనమే చదవం.

ముందు రెండు నిమిషాల పని. సెట్టింగ్స్‌లో సిస్టమ్, దాని కింద అబౌట్ తెరవండి. ‘సిస్టమ్ టైప్’ దగ్గర ఆర్మ్ ప్రాసెసర్ అని ఉంటే ఇక్కడే ఆగండి. స్నాప్‌డ్రాగన్ చిప్‌తో వచ్చే ల్యాప్‌టాప్‌లు ఇవి. మామూలు ప్రోగ్రామ్‌లను అనుకరించి నడిపిస్తాయి కానీ డ్రైవర్ మాత్రం ప్రత్యేకంగా ఆర్మ్ కోసం రాసిందే కావాలి. మీ మిషన్ కంపెనీ అలాంటి డ్రైవర్ ఇవ్వకపోతే ఏ సెట్టింగ్ మార్చినా లాభం లేదు, ల్యాప్‌టాప్ మార్చుకోవడమే. అదే పేజీలో ‘ఎస్ మోడ్’ అని కనిపిస్తే, స్టోర్‌లో దొరికే యాప్‌లు తప్ప ఇంకేవీ ఇన్‌స్టాల్ కావు. తక్కువ ధర ల్యాప్‌టాప్‌లు కొన్ని ఇలాగే వస్తాయి. స్టోర్ నుంచే ఉచితంగా ఎస్ మోడ్‌లోంచి బయటికి రావచ్చు, తిరిగి వెనక్కి పోవడం ఉండదు. మీలాంటి పనికి బయటికి రావాల్సిందే. అందులో తప్పేం లేదు.

ఇక అసలు పని డివైస్ మేనేజర్‌లో. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేస్తే ఉంటుంది. పసుపు గుర్తు ఉన్న వస్తువు మీద డబుల్ క్లిక్ చేసి ‘డివైస్ స్టేటస్’ డబ్బాలో ఉన్న కోడ్ నంబర్ చూడండి. దుకాణంలో ఆ నంబర్ చూశారా అన్నది నాకు అనుమానమే. 28 అంటే డ్రైవర్ అసలు ఎక్కనే లేదు. 22 అంటే ఎవరో డిసేబుల్ చేశారు. 10 అంటే పరికరం స్టార్ట్ కావడం లేదు. 43 అంటే పరికరం తనలోనే ఏదో లోపం ఉందని చెప్పింది. ఇలాంటప్పుడు వేరే కేబుల్, వేరే పోర్టు, హబ్ లేకుండా నేరుగా పెట్టి చూడాలి. భద్రతకు సంబంధించినవి ముఖ్యంగా మూడు: 39, 48, 52. డ్రైవర్ మీది డిజిటల్ సంతకం, అంటే అది ఎవరు చేసిందో చెప్పే ముద్ర, సరిచూడలేకపోతే 52. ఫలానా డ్రైవర్‌తో ఇబ్బందులున్నాయని విండోస్ ముందే గుర్తించి ఆపితే 48. డ్రైవర్‌ను లోడ్ చేయలేకపోతే 39. ఫైలు పాడైనా 39 వస్తుంది, మెమరీ ఇంటెగ్రిటీ అడ్డుపడినా వస్తుంది. పసుపు గుర్తే లేకుండా పరికరం పేరు శుభ్రంగా కనిపిస్తుంటే, విండోస్ వైపు నుంచి దానికి అడ్డు లేనట్టే. అప్పుడు మెమరీ ఇంటెగ్రిటీ ఆపడం, సెక్యూర్ బూట్ ఆపడం ఉత్త పని.

వేలిముద్ర మిషన్ సంగతికి వద్దాం. లైటు వెలుగుతోందంటే కరెంటు అందుతోందని మాత్రమే అర్థం. డ్రైవర్ పని చేస్తోందని కాదు. పాత కంప్యూటర్‌కు ఇచ్చిన సీడీలోంచో, పెన్‌డ్రైవ్‌లో దాచుకున్న ఫైలుతోనో డ్రైవర్ వేసి ఉంటే గొడవ అక్కడే మొదలవుతుంది. విండోస్ 11లో 32 బిట్ వెర్షన్ లేనే లేదు, కాబట్టి 32 బిట్ డ్రైవర్ ఎక్కే ప్రశ్నే లేదు. 64 బిట్ డ్రైవర్ అయినా పాతదైతే మెమరీ ఇంటెగ్రిటీ తిప్పి పంపవచ్చు.

ఇదేంటో కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే దుకాణాల్లో ముందు చేయి పడేది దీని మీదే. డ్రైవర్ అంటే విండోస్ గుండెలో, అంటే కెర్నెల్‌లో, నడిచే ప్రోగ్రామ్. అక్కడికి చేరిన దొంగ ప్రోగ్రామ్‌ను పట్టుకోవడం యాంటీవైరస్‌కు కూడా కష్టం. అందుకే మెమరీ ఇంటెగ్రిటీ ప్రాసెసర్‌లోని వర్చువలైజేషన్ సాయంతో ఒక విడి గదిలాంటి చోట కూర్చొని, కెర్నెల్‌లోకి వచ్చే ప్రతి కోడ్‌నూ పరీక్షిస్తుంది. మెమరీలో ఒకే చోట రాయడానికీ, నడపడానికీ రెండింటికీ అనుమతి అడిగే డ్రైవర్‌ను ఒప్పుకోదు. పాత డ్రైవర్లు చాలావరకు ఆ పద్ధతిలోనే రాసినవి. వాటిని రాసినవాళ్లు దొంగలని కాదు, అప్పట్లో అలా రాయడం మామూలే. తగిన హార్డ్‌వేర్ ఉన్న కొత్త విండోస్ 11 ల్యాప్‌టాప్‌లలో ఇది మొదటి నుంచే ఆన్‌లో ఉంటుంది. పాత కంప్యూటర్‌ను విండోస్ 11కు అప్‌గ్రేడ్ చేసినప్పుడు చాలాసార్లు ఆఫ్‌లోనే ఉండిపోతుంది. ‘మా పక్క సెంటర్‌లో అదే విండోస్ 11, అదే మిషన్, నడుస్తుంది గదా’ అని మీరు రాశారు. తేడా ఇదే కావచ్చు.

అడ్డుపడింది ఇదేనా అని తేల్చుకోవడం తేలికే. విండోస్ సెక్యూరిటీ తెరిచి డివైస్ సెక్యూరిటీలో కోర్ ఐసొలేషన్ వివరాల్లోకి వెళ్లండి. మెమరీ ఇంటెగ్రిటీ ఆఫ్‌లో ఉంటే దీని మీద నింద వేయడానికే లేదు. ఆన్‌లో ఉంటే ఈవెంట్ వ్యూయర్ చూడాలి. అప్లికేషన్స్ అండ్ సర్వీసెస్ లాగ్స్, మైక్రోసాఫ్ట్, విండోస్, కోడ్ ఇంటెగ్రిటీ, ఆపరేషనల్ అని వరసగా దిగండి. మిషన్ ఒకసారి పీకి మళ్లీ పెట్టి రిఫ్రెష్ కొట్టండి. 3087 నంబర్ ఈవెంట్ వచ్చి అందులో మీ మిషన్ డ్రైవర్ ఫైలు పేరుంటే ఇక ఊహించే పని లేదు. ఆ సమయానికి లాగ్‌లో ఏమీ పడలేదంటే మెమరీ ఇంటెగ్రిటీ నిర్దోషి.

దొరికిన తర్వాత కూడా మందు ఆఫ్ చేయడం కాదు. డివైస్ మేనేజర్‌లో ఆ పరికరం మీద రైట్ క్లిక్ చేసి అన్‌ఇన్‌స్టాల్ నొక్కండి. అడిగే చిన్న డబ్బాలో డ్రైవర్‌ను కూడా తీసేయమనే గడికి టిక్ పెట్టండి. ఆ టిక్ మరిచిపోతే పాత డ్రైవర్ విండోస్ దాచుకున్న చోటే ఉండి, మిషన్ మళ్లీ పెట్టగానే అదే ఎక్కి కూర్చుంటుంది. తర్వాత రీస్టార్ట్ చేసి, తయారీ కంపెనీ సొంత సైట్ నుంచి విండోస్ 11కు ఇచ్చిన కొత్త డ్రైవర్ తెచ్చుకోండి. యూట్యూబ్ వీడియో కింద ఉన్న లింకు, వాట్సాప్ గ్రూపులో తిరిగే జిప్ ఫైలు వద్దు. జనం ఆధార్‌తో డబ్బులు తీసుకునే కంప్యూటర్ అది.

డ్రైవర్ సరిగా ఉన్నా పేజీకి మిషన్ కనిపించకపోతే చూడాల్సింది ఆర్‌డీ (రిజిస్టర్డ్ డివైస్) సర్వీస్, అంటే మిషన్‌కూ బ్యాంకు పేజీకీ మధ్యలో నడిచే ప్రోగ్రామ్. ఆధార్ పనికి రిజిస్టర్ అయిన పరికరాలే వాడాలన్న నియమం 2017లో వచ్చింది. ఆ లెక్కలోనే ఈ సర్వీస్ పుట్టింది. ఈ మిషన్లలో పాత భద్రతా స్థాయి ఎల్0, కొత్తది ఎల్1. ఎల్0 రకం మిషన్‌లో వేలిముద్రకు తాళం వేసే పని, అంటే ఎన్‌క్రిప్షన్, కంప్యూటర్‌లోని సాఫ్ట్‌వేర్ చేసేది. ఎల్1లో ఆ పనంతా మిషన్ లోపలే, భద్రమైన చిప్‌లో జరుగుతుంది. అందుకే ఎల్0ను పక్కకు తప్పించి ఎల్1కు మార్చారు. మీ మిషన్ వెనక స్టిక్కర్ మీద గానీ కంపెనీ సైట్‌లో మోడల్ నంబర్ కొట్టి గానీ ఎల్1 అవునో కాదో చూసుకోండి. ఎల్0 అయితే దాని మీద గంటలు పోగొట్టుకోకుండా కొత్తది కొనడం మేలు.

ఇంత కట్టడి ఎందుకని విసుగొస్తుంది, నిజమే. మన దగ్గర జరిగిందే గుర్తుచేసుకోండి. 2018లో పెద్దపల్లి జిల్లాలో సిమ్ కార్డులు అమ్మే ఒకతను భూముల రిజిస్ట్రేషన్ కాగితాల మీది వేలిముద్రలను తీసి, వాటితో రబ్బరు ముద్రలు చేసి, వేరేవాళ్ల పేర్ల మీద వేల సిమ్‌లు యాక్టివేట్ చేసిన కేసు బయటపడింది. 2023లో ఆధార్ సంస్థ యూఐడీఏఐ వేలిముద్ర గీతలతో పాటు వేలి బొమ్మను కూడా చూసి, పెట్టింది ప్రాణమున్న వేలేనా అని తేల్చే పద్ధతి తెచ్చింది. ఇలాంటివి వచ్చిన ప్రతిసారీ పాత ఆర్‌డీ సర్వీస్ వెర్షన్ వెనకబడుతుంది. పాత ల్యాప్‌టాప్ నుంచి కాపీ చేసుకున్న ఇన్‌స్టాలర్ కొత్తదాంట్లో వేస్తే తంటా వచ్చేది ఇందుకే.

ఆర్‌డీ సర్వీస్ మీ కంప్యూటర్‌లోనే నడుస్తూ 11100 నుంచి 11120 లోపు ఒక పోర్టు తెరిచి పెట్టుకుంటుంది. బ్యాంకు పేజీ 127.0.0.1 అనే చిరునామాకు, అంటే మీ కంప్యూటర్‌కే, ఆ పోర్టుల్లో ఒక్కొక్కటీ తట్టి ‘మిషన్ ఉందా’ అని అడుగుతుంది. స్టార్ట్‌లో సర్వీసెస్ అని వెతికి తెరిస్తే జాబితాలో దాని పేరు కనిపించాలి, పక్కన ‘రన్నింగ్’ అని ఉండాలి. లేకపోతే స్టార్ట్ చేసి, స్టార్టప్ టైప్ ఆటోమేటిక్ పెట్టండి. స్టార్ట్ చేసినా వెంటనే ఆగిపోతుంటే ముందు గడియారం చూడండి. తేదీ తప్పుంటే సర్టిఫికెట్లు చెల్లవు, సర్వీస్ తన సర్వర్‌తో మాట్లాడలేదు. ఆర్‌డీ రెన్యువల్ గడువు అయిపోయినా ఇంతే. దానికి మిషన్ సీరియల్ నంబర్‌తో కంపెనీ దగ్గర రెన్యువల్ చేయించుకోవడం తప్ప వేరే దారి లేదు.

కంపెనీ ఇచ్చే టెస్ట్ పేజీలో వేలు పెడితే పట్టుకుంటోంది, బ్యాంకు పేజీలో మాత్రం పట్టడం లేదు అంటే విండోస్‌ను వదిలేయండి. తప్పు చాలావరకు బ్రౌజర్‌దే. 2025 చివర్లో వచ్చిన క్రోమ్ 142 నుంచి, ఏదైనా వెబ్‌సైట్ మీ కంప్యూటర్‌లోని సర్వీస్‌లను గానీ మీ నెట్‌వర్క్‌లోని పరికరాలను గానీ పలకరించాలంటే ముందు మీ అనుమతి అడుగుతుంది. గిరాకీ నిలబడి ఉన్న తొందరలో ఆ ప్రశ్నకు ‘బ్లాక్’ నొక్కితే, ఆ సైట్‌కు అదే జవాబు గుర్తుపెట్టుకుంటుంది. తర్వాత మళ్లీ అడగదు కూడా. మిషన్ లేదనే పేజీ చెప్తుంది. అడ్రస్ బార్‌లో సైట్ పేరుకు ఎడమవైపున్న గుర్తు నొక్కి, సైట్ సెట్టింగ్స్‌లో లోకల్ నెట్‌వర్క్ అనుమతిని ‘అలౌ’ చేయండి. వెర్షన్‌ను బట్టి దాని పేరు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. మీకు లైటు వెలిగీ పేజీలో కనిపించకపోవడం చూస్తే నాకు మొదటి అనుమానం దీని మీదే. ఈ అనుమతి బ్యాంకు సైట్‌కే ఇవ్వండి, అడిగిన ప్రతి సైట్‌కూ కాదు.

యాంటీవైరస్ అడ్డుపడుతోందని తేలితే దాన్ని మొత్తం ఆపనక్కర్లేదు. ఆర్‌డీ సర్వీస్ ఉన్న ఫోల్డర్‌ను మినహాయింపుల జాబితాలో చేర్చండి, చాలు.

ఇంకో మాట. వేలిముద్ర మిషన్ కనబడటం లేదని కొందరు విండోస్ సైన్ ఇన్ ఆప్షన్స్‌లోకి పోయి ఫింగర్‌ప్రింట్ సెటప్ చేయబోతారు. దానికీ దీనికీ సంబంధం లేదు. అక్కడ ‘దొరకలేదు’ అని వస్తే టెన్షన్ పడకండి.

ఇక సెక్యూర్ బూట్. దీన్ని ఆపించకండి అని గట్టిగా చెప్పడానికి పెద్ద కారణమే ఉంది. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో మొదలుపెట్టిన కొత్త విండోస్ 11 ల్యాప్‌టాప్‌లలో డిస్క్ ఎన్‌క్రిప్షన్ చాలావరకు దానంతట అదే ఆన్ అవుతుంది. బయోస్‌లోకి, అంటే విండోస్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగ్స్‌లోకి, పోయి సెక్యూర్ బూట్ మార్చగానే, ఎవరో కెలికారని అనుమానించి తర్వాత ఆన్ చేసినప్పుడు నీలి తెర మీద 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. ఆ కీ లేకపోతే లోపలున్న ఫైళ్లు రావు. కీ దాచి ఉండేది ల్యాప్‌టాప్‌ను మొదట ఏ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో ఆన్ చేశారో అందులో. మన దగ్గర ల్యాప్‌టాప్ కొనగానే దుకాణం కుర్రాడే ఏదో ఒక మెయిల్ కొట్టి సెటప్ చేసి ఇస్తాడు. మీది ఎవరి మెయిల్‌తో మొదలైందో ఈ రోజే కనుక్కోండి. మీది కాకపోతే మీ అకౌంట్‌కు మార్చుకొని, రికవరీ కీ కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. మిషన్ సంగతి ఎలా ఉన్నా ఈ పని మాత్రం ఆపకండి.

పైగా సెక్యూర్ బూట్ ఆపినంత మాత్రాన సంతకం లేని డ్రైవర్ ఎక్కదు. 64 బిట్ విండోస్ ఎలాగూ సంతకం అడుగుతుంది. రీస్టార్ట్‌లో ఎఫ్7 నొక్కి సంతకం తనిఖీ ఆపే చిట్కా వీడియోల్లో చూపిస్తారు. అది ఆ ఒక్క బూట్‌కే. తర్వాత రీస్టార్ట్ చేయగానే మళ్లీ మొదటికే వస్తుంది.

కాంటా కేబుల్ కథ పూర్తిగా వేరు. కాంటా సీరియల్ పోర్టును యూఎస్‌బీకి మార్చే ఆ కేబుల్ లోపల ఒక చిన్న చిప్ ఉంటుంది. డివైస్ మేనేజర్‌లో పోర్ట్స్ కింద చూడండి. పీఎల్2303 అనే పేరుతో పాటు, ఈ చిప్‌ను 2012 నుంచి నిలిపివేశాం, అమ్మినవారిని అడగండి అన్న అర్థంలో ఒక ఇంగ్లీషు వాక్యం కనిపిస్తే అది విండోస్ భద్రత పని కాదు. కొత్త డ్రైవర్ పాత చిప్‌లనూ, వాటిని కాపీ కొట్టి చేసిన నకిలీలనూ పని చేయనివ్వదు. ఆ కొత్త డ్రైవర్‌ను విండోస్ అప్‌డేట్ తనంతట తానే తెచ్చి వేస్తుంది. పాత డ్రైవర్‌ను పట్టుకొచ్చి ఎక్కించే ఉపాయాలు ఉన్నాయి కానీ తర్వాతి అప్‌డేట్‌కు మళ్లీ అదే బాధ. సీజన్‌లో బస్తాలు కాంటా మీద ఉండగా ఈ గొడవ ఎవరికి కావాలి? ఎఫ్‌టీడీఐ గానీ సీహెచ్340 గానీ చిప్ ఉన్న కేబుల్ కొనేయమనండి.

కేబుల్ మార్చాక కూడా బరువు రాకపోతే కామ్ పోర్టు నంబర్ చూడాలి. పాతది కామ్ 3 అయితే కొత్త కేబుల్‌కు విండోస్ కామ్ 7 ఇచ్చి ఉండవచ్చు, కాంటా సాఫ్ట్‌వేర్ మాత్రం 3 దగ్గరే ఎదురు చూస్తుంటుంది. పోర్ట్ సెట్టింగ్స్‌లో అడ్వాన్స్‌డ్ నొక్కి నంబర్ మార్చవచ్చు, లేదా సాఫ్ట్‌వేర్‌లోనే మార్చుకోవచ్చు. ‘యాక్సెస్ డినైడ్’ అని వస్తే అడ్మినిస్ట్రేటర్‌గా నడపాలని అందరూ సలహా ఇస్తారు. సీరియల్ పోర్టు విషయంలో దాని అర్థం చాలావరకు వేరు. ఒక కామ్ పోర్టును ఒకసారికి ఒక్క ప్రోగ్రామే తెరవగలదు. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రెండు సార్లు తెరిచి ఉందేమో, వెనక ఏదైనా టెస్టింగ్ ప్రోగ్రామ్ ఆ పోర్టును పట్టుకొని ఉందేమో టాస్క్ మేనేజర్‌లో చూసి మూసేయండి.

కెమెరా సంగతి చిన్నది. ముందు లెన్స్ మీది జరిపే మూత, కీబోర్డు మీది కెమెరా మీట చూడండి. తర్వాత సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, కెమెరా. అక్కడ పైనుంచి కిందికి స్విచ్‌లు ఉంటాయి: కెమెరా వాడకం మొత్తానికి ఒకటి, స్టోర్ యాప్‌లకు ఒకటి, డెస్క్‌టాప్ యాప్‌లకు అడుగున ఇంకొకటి. క్రోమ్ డెస్క్‌టాప్ యాప్ కిందికి వస్తుంది. పైరెండూ ఆన్ చేసి అడుగుది మరిచిపోయేవాళ్లే ఎక్కువ. ఆ తర్వాత సైట్‌కు బ్రౌజర్‌లో విడిగా అనుమతి ఇవ్వాలి. అడ్రస్ హెచ్‌టీటీపీఎస్ కాకపోతే బ్రౌజర్ ఆ ప్రశ్న కూడా అడగకుండా కెమెరా ఆపేస్తుంది. ఇవన్నీ సరిగా ఉన్నా నల్లగా ఉంటే, వాట్సాప్ కాల్ లాంటిది వెనక కెమెరాను పట్టుకొని ఉందేమో చూడండి. కొన్ని యాంటీవైరస్‌లలో వెబ్‌క్యామ్ రక్షణ అని విడిగా ఒక ఆప్షన్ ఉంటుంది, అందులో క్రోమ్‌ను అనుమతించాలి.

పొద్దున నడిచి మధ్యాహ్నానికి మాయమయ్యే మిషన్ గురించి ఇంకొకరు అడిగారు. అది భద్రత కాదు, కరెంటు పొదుపు. డివైస్ మేనేజర్‌లో యూఎస్‌బీ రూట్ హబ్ ప్రాపర్టీస్‌లో పవర్ మేనేజ్‌మెంట్ తెరిచి, పొదుపు కోసం పరికరాన్ని ఆపవచ్చు అనే టిక్ తీసేయండి. పత్తి ఏరి గీతలు అరిగిన వేళ్లు పట్టకపోవడం మళ్లీ వేరే సమస్య. మిషన్ కనిపించి ముద్ర మాత్రం రావడం లేదంటే వేలు మార్చి, తుడిచి పెట్టించండి. సెట్టింగ్స్ ముట్టుకోకండి.

కొత్త డ్రైవర్ ఎప్పటికీ రాని పాత వస్తువు ఏదైనా మిగిలితే, దాని కోసం మెమరీ ఇంటెగ్రిటీ ఆపడం కంటే పాత ల్యాప్‌టాప్‌ను ఇంటర్నెట్ తీసేసి ఆ ఒక్క పనికే పెట్టుకోండి. డబ్బులు తీసే ల్యాప్‌టాప్ వేరుగా ఉండనివ్వండి.

ఇవి చేశాక కూడా ఆగితే మూడు సంగతులు రాయండి: డివైస్ మేనేజర్‌లో కోడ్ నంబర్, కోడ్ ఇంటెగ్రిటీ లాగ్‌లో ఆ నిమిషానికి పడిన ఈవెంట్ నంబర్, కంపెనీ టెస్ట్ పేజీలో మిషన్ నడిచిందా లేదా. మిషన్ సీరియల్ నంబర్, ఆధార్ నంబర్ కనిపించే ఫొటోలు మాత్రం పెట్టకండి.